అద్దాల బీరువాలో వరస

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. అంతవరకు వేలిముద్రే. నేర్పింది మా అక్క భర్త, సూర్యాపేటలో బడిపంతులుగా పనిచేసి రిటైరైన మా బావ. మిర్యాలగూడ దగ్గర ఉన్న వ్యవసాయం కొడుకులకు అప్పగించాక, నేను బస్సెక్కి ఆయన దగ్గరికి పోయేవాణ్ణి.

ఆయన నాకు పలక ఇవ్వలేదు. వాళ్ల నాన్న కాలంనాటి టేకు బీరువా ముందు స్టూలు వేసి కూర్చోబెట్టాడు. దానికి అద్దాల తలుపులు. పాత అద్దం కాబట్టి అక్కడక్కడ అలలుగా ఉండేది. వెనక ఉన్న అక్షరాలు నీళ్లలో ఉన్నట్టు వంగి కనిపించేవి.

“పుస్తకం పేరు బయటి నుంచే సదువు. సదివినవంటే తాళం తీస్త. లేకుంటే అద్దం తుడుసుకుంట కూసో బామ్మర్దీ.”

“నీ అద్దం తుడవనీకి మిర్యాలగూడ నుంచి రావాల్నా బావా?”

“మరి నీకు వేరే ఏమొస్తది?”

వంటింట్లోంచి మా అక్క నవ్వేది. అట్లా ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ పై అర, నడిమి అర పూర్తిచేశాను. కింది అర చదవలేదు. నా మోకాళ్లు వంగవు.

తర్వాత అక్క పోయింది. బావకు చూపు పోయింది. చూపు లేకున్నా ఆయన బీరువాలో చెయ్యి పెట్టి, కావలసిన పుస్తకమే తీసేవాడు. ఒళ్లో పెట్టుకుని అందులో ఉన్నది నోటితో చెప్పేవాడు. కోదాడలో ఉండే కూతురు ఆయన్ని తన ఇంటికి తీసుకుపోయింది, బీరువాతో సహా. మంచి పిల్ల. తండ్రికి ఏ లోటూ చేయలేదు.

మొన్న ఎండాకాలం కోదాడ వెళ్తే బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. సరిగా తినడం లేదట. బీరువా జోలికే పోవడం లేదట.

“ఏమైంది బావా?”

“నా బుర్ర ఖతమైంది. లావు నిఘంటువనుకోని చెయ్యి పెడితే పలుచటిది వస్తున్నది. ఏది యాడున్నదో యాది లేదు. కండ్లు పోతే పోయినయనుకున్న. ఇగ గిది గూడ పోయినంక ఉండి ఏం జేస్త?”

“బిడ్డను అడగకపోయినవా?”

“అడిగితే? నాయనకు మతి పోయిందని ఏడుస్తది.”

లేచి బీరువా చూశాను. అద్దం తళతళలాడుతోంది. లోపల పుస్తకాలు పొడుగువాటి నుంచి పొట్టివాటి దాకా మెట్లలా దిగుతున్నాయి. వంటింటి అరమీద స్టీలు డబ్బాలు పేర్చినట్టు.

“ఇవి ఎవరు సర్దిండ్రు బిడ్డా?”

“నేనే మామయ్యా. ఎండలో పెట్టి, దులిపి, సైజు ప్రకారం పెట్టాను. బాగున్నాయి కదా?”

“బీరువాకు బాగనే ఉన్నది. మీ నాయనకే బాగలేదు.”

పాత వరస చెదిరినందుకే ఆయన చెయ్యి తప్పుతోందని చెప్పాను. ఆ పిల్ల ముఖం మాడిపోయింది. బావకు చెబితే ఆయన నమ్మలేదు.

“నన్ను సముదాయించనీకి ఇద్దరు కూడబలుక్కున్నరా? వద్దు.”

ఇక మాటలతో పని కాదనిపించింది. పుస్తకాలన్నీ చాప మీదికి దించాం. ఒకప్పుడు స్టూలు మీద కూర్చుని నేను ఏ పేరు తర్వాత ఏ పేరు చదివానో, ఆ వరసలోనే పెట్టుకుంటూ పోయాను. ఒక పేరు దగ్గర ఎంత ఇబ్బందిపడ్డానో గుర్తొస్తే, దాని పక్కది కూడా గుర్తొచ్చేది.

బావను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆయన చెయ్యి పై అర మీద కాసేపు ఊరికే ఆగింది. తర్వాత మెల్లగా కదిలి నిఘంటువు మీద పడింది. ఇంకోటి తీశాడు. అదీ సరైనదే. దాన్ని మళ్లీ దాని చోటనే పెట్టాడు.

కింది అరలో చెయ్యి పెట్టగానే ఆగిపోయాడు.

“ఇదేంది? అంత ఆగమాగమున్నది.”

“అది నాకు తెల్వదు బావా. మోకాళ్లు వంగక ఎన్నడు సదవలే.”

“తెలుసు. నువ్వు దొంగవని అప్పుడే అనుకున్న.” చేత్తో తడుముకుని స్టూలు మీద కూర్చున్నాడు. “కింద కూసో. ఒక్కొక్క పేరు సదువు. ఏది యాడ పెట్టాల్నో నేను జెప్త.”

మోకాళ్లు పట్టుకుని ఎట్లాగో నేలమీదికి దిగాను. మొదటి పుస్తకం తీయడానికి చెయ్యి చాపాను.

“అట్ల గాదు,” అన్నాడు. “తలుపు మూసి సదువు.”

అద్దం తలుపు మూశాను.