చెప్పకుండా ఉన్న ఒక్క సాయంత్రం

నేను ఇబ్రహీంపట్నం బస్సులో కండక్టర్‌ని. మా ఆయన రావిర్యాల దగ్గర ఒక కంపెనీలో పని చేస్తాడు. సాయంత్రం షిఫ్టు దిగి నా బస్సే ఎక్కి ఇంటికి పోతాడు. నాకు ఆ తర్వాత ఇంకో ట్రిప్పు ఉంటుంది కాబట్టి మా సంసారమంతా ఆ దారిలోనే నడవాలి. టికెట్లు కొడుతూనే చెప్పేదాన్ని: పప్పు నానబెట్టు, గ్యాస్ బుక్ చెయ్యి, పాపకు దగ్గు మందు పట్టు. రోజూ ఎక్కేవాళ్లయితే మా పాపకు దగ్గు తగ్గిందా అని నన్నే అడిగేవాళ్లు.

మా ఆయన చెడ్డవాడు కాదు. చెప్తే ఏ పనైనా చేస్తాడు. చెప్పకపోతే మాత్రం పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూస్తూ కూర్చుంటాడు. ఏమన్నా అంటే, "నువ్వు యాది చెయ్యలే గద," అంటాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండుతుంది.

దసరా సెలవులకు ముందు, రేపు బడిలో బతుకమ్మ ఆడుతున్నామని, తంగేడు పూలు కావాలని పాప ఇద్దరికీ చెప్పింది. పోయిన ఏడాది మేమిద్దరం మరిచిపోయాం. అందరూ పూలు పేరుస్తుంటే అది ఉత్త చేతులతో నిలబడి ఏడ్చిందట. ఈసారి ఆయనే గుర్తు పెట్టుకోవాలి, నేను నోరు విప్పేది లేదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం ట్రిప్పులో, చెప్పకుండా ఉండేసరికి కడుపు ఉబ్బిపోయింది. ఆకుకూరలు అమ్ముకుని ఇంటికి పోయే అవ్వ ముందు సీట్లో కూర్చుని నన్నే చూస్తోంది.

"ఏం బిడ్డ, మూతి గట్ల ముడుచుకున్నవ్?"

చెప్పాను. బస్సంతా విన్నది.

"జర ఫోన్ చేసి చెప్పరాదే. పొల్ల మల్ల ఏడుస్తది. ఒక్క మాటకు ఏం బోయింది?"

"రోజూ ఒక్క మాటనే అవ్వా. గసొంటియి మోసీ మోసీ నా తల పలుగుతుంది."

"ఫికర్ చెయ్యకు చెల్లె," అన్నాడు డ్రైవరన్న. "బావ ఉత్త చేతులతోని ఎక్కితే, దారిల తంగేడు చెట్ల కాడ బస్సు ఆపుత."

రావిర్యాల స్టాపు వచ్చింది. అందరూ మెడలు సాచి తలుపు వైపు చూశారు. మా ఆయన ఎక్కాడు. చేతిలో సంచి, సంచి నిండా తంగేడు పూలు.

నాకు నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకునే లోపే బస్సంతా చప్పట్లు కొట్టింది. అవ్వ జరిగి ఆడవాళ్ల సీట్లో చోటిచ్చింది. "బంగారమసొంటి మొగడు దొరికిండు బిడ్డ," అన్నది నాతో. మా ఆయన సర్పంచిగా గెలిచినట్టు అందరికీ దండాలు పెట్టాడు. ఇన్నేళ్లుగా వీళ్ల ముందే ఇల్లంతా నెత్తిన మోస్తున్నాను, నాకు ఒక్కరూ చప్పట్లు కొట్టింది లేదు.

దండాలయ్యాక ఆయన నా వైపు తిరిగాడు.

"పూలయితే తెచ్చిన. ఇగ చెప్పు, ఇంటికి వొయ్యి ఏం వండాలె?"

బస్సంతా నా నోటికేసి చూసింది.

"నీ ఇష్టం," అన్నాను.

ఆయన ముఖంలో అంత భయం మా పెళ్లినాడు కూడా చూడలేదు.