అత్తగారి నోరు కట్టేసిన రోజు

ఆ రోజుల్లో మెడలో ఆఫీసు ట్యాగు లేని కుర్రాడు సికింద్రాబాదు స్టేషన్లో కనిపిస్తే, పాపం ఇంకా ఇంటర్వ్యూలకి తిరుగుతున్నట్టున్నాడని జనం జాలిపడేవారు. నాకు ట్యాగు ఉండేది. కాకపోతే దాని మీద ఎర్రగీత ఉండేది. ఎర్రగీత అంటే ప్రొబేషన్. ఆర్నెల్లు బుద్ధిగా పనిచేస్తే నీలం గీత ఇస్తారు, లేదంటే ట్యాగు లాక్కుని సాగనంపుతారు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. నా అంత తెలివైనవాడు మా ఆఫీసున్న బేగంపేటలోనే లేడని గట్టి నమ్మకం. దానికి తోడు, ఎదుటివాడు తుమ్మినా ఎందుకు తుమ్మాడా అని ఆరా తీసే అనుమానం. (ఈ మూడింట్లో సర్టిఫికెట్టున్నది వయసుకొక్కదానికే.)

నేను మల్కాజ్‌గిరిలో మా పిన్నీ బాబాయిల ఇంట్లో ఉండేవాణ్ణి. వాళ్లు శ్రీకాకుళం నుంచి బాబాయి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. రోజూ రాత్రి ఏడున్నరకి మా పిన్ని ఒక టీవీ సీరియల్ చూసేది. పేపరు అడ్డం పెట్టుకుని నేనూ చూసేవాణ్ణి. అందులో చిన్న కోడలు ఎనిమిది నెలలుగా ఏడుస్తూనే ఉంది. అత్తగారు తిట్టినా ఏడుపే, మెచ్చుకున్నా ఏడుపే. చూసి చూసి నా కడుపు తరుక్కుపోయింది. ఇంతలో ఆ సీరియల్ అభిమానులు నడిపే వెబ్‌సైటు ఒకటి ఆఫీసు కంప్యూటర్లో నా కంటబడింది. అక్కడ ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర తీసుకుని, ఆ పాత్రకి నచ్చిన మహిమ తగిలించి, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తూ కథని తమకి తోచినట్టు నడుపుతున్నారు. పెద్ద కోడలికి మూడు గోడల అవతలి మాటలు వినపడతాయి. వంటమనిషి సాంబారు ఆవిరిలో మాయమైపోతుంది. చిన్న కోడలి పాత్ర మాత్రం ఖాళీగా ఉంది. తీసేసుకున్నాను. (నవ్వకండి. ఆవిడ కన్నీళ్లు తుడిచే నాథుడు లేకపోతే నేనేం చెయ్యను?)

నా చిన్న కోడలికి ఒక పోపులపెట్టె ఇచ్చాను. ఎవరైనా అబద్ధమాడితే అందులోని ఆవాలు నూనె లేకుండానే చిటపటలాడతాయి. దిష్టి తీసి విసిరితే ఎదుటివాళ్ల నోరు కట్టేస్తాయి. నమ్మేటట్టు ఉండాలని మా ఇంట్లో పోపులపెట్టెనే యథాతథంగా వర్ణించాను. మూతకి ఎడమవైపు సొట్ట, జీలకర్ర గిన్నె పోతే దాని చోట పెట్టిన మందుసీసా మూత, అన్నీ రాశాను. ఆ ఆటకి ఒక్కటే నియమం. ఒకరు మహిమ ప్రయోగిస్తే ఎదుటివాళ్లు దానికి కట్టుబడాలి. లేదంటే ఆట వదిలి పోవాలి.

రెండు నెలలు హాయిగా గడిచాయి. అప్పుడు దిగింది అత్తగారు. కొత్త మనిషి, పేరూ ఊరూ తెలియదు. ఎవరు ఎక్కడున్నా, అన్నం తిన్నారో లేదో తెలిసిపోవడం ఆవిడ మహిమ. ఇదేం పిచ్చి మహిమ అని నవ్వుకున్నాను. మూడో రోజు ఆవిడ రాసింది చదివాక నవ్వు ఆగిపోయింది. "చిన్న కోడలా, నిన్న దొండకాయ కూర తినకుండా పారబోశావు. నాకు తెలియదనుకున్నావా?"

నిజంగానే ముందురోజు ఆఫీసులో దొండకాయ కూర చెత్తబుట్టలో గుమ్మరించాను. ఆ క్షణాన అక్కడున్నది ఒకే ఒక్క మనిషి, మా టీమ్ లీడర్. ఆఫీసులో ఏ పేజీ ఎంతసేపు తెరిచి ఉందో లెక్క తీసే ఘనుడు కాబట్టి మేమంతా ఆయన్ని చాటుగా లాగ్ సార్ అనేవాళ్లం. అంతకు ముందు వారమే ఆయన అందరినీ నిలబెట్టి, "ఆఫీస్ నెట్ మీద ఎవరో సొంత పనులు చేస్తున్నరు. దొరికితే సీదా ఇంటికే, చెప్తున్న" అన్నాడు. ఇంకేముంది, నన్ను పట్టడానికి ఆయనే అత్తగారి వేషం కట్టాడని నాకు తేలిపోయింది. నీలం గీతకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. బుద్ధి ఉన్నవాడైతే ఆ వెబ్‌సైటు మూసి పని చూసుకుంటాడు. నేను అత్తగారిని పట్టుకోవడానికి ఉచ్చు పన్నాను.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి ఇలా రాశాను: "చిన్న కోడలు ఆవాలతో దిష్టి తీసి విసిరింది. రేపు తెల్లవారినప్పటి నుంచి, సంధ్యాదీపం వెలిగేదాకా అత్తగారి నోట మాట రాదు." అత్తగారు అయిదింటికి ఒక్క ముక్క జవాబిచ్చింది. "కట్టుబడ్డాను." ఇక రేపు లాగ్ సార్ నోరు విప్పుతాడో లేదో చూడటమే.

గురువారం పొద్దున్న నా కాలు ఒకచోట నిలవలేదు. పిన్ని మాట్లాడకుండా బాక్సు చేతిలో పెట్టింది. ఆలస్యం చెయ్యకు, ట్రైన్‌లో వేలాడకు అనే రోజువారీ దండకం లేదు. రాత్రి ఉప్పు దగ్గర బాబాయితో జరిగిన గొడవ ఇంకా చల్లారలేదు కాబోలనుకుని పరుగెత్తాను. ఆఫీసులో లాగ్ సార్ గుడ్ మార్నింగ్‌కి తలూపాడు. ప్రశ్న అడిగితే తలూపాడు. మీటింగులో బోర్డు మీద రాసి చూపించాడు. ఒంటిగంటయినా ఆయన పెదవి విడిపడలేదు. అబ్బ, ఏం నియమం, ఏం నిష్ఠ! ఇక దాచి లాభం లేదు, ముందే ఒప్పుకుంటే దయ చూపిస్తాడేమోనని ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేశాను.

"సార్, అత్తగారు మీరేనని నాకు తెలిసిపోయింది. చిన్న కోడల్ని నేనే. క్షమించండి" అన్నాను చేతులు కట్టుకుని.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నోట్లో వేలు పెట్టి, దవడ దగ్గర నుంచి పెద్ద దూది ఉండ బయటికి లాగాడు. "ఏందయ్యా? ఎవని అత్త? పొద్దుగాల పన్ను పీకించుకొని జెర తక్లీఫ్‌ల ఉన్న. నీ లొల్లేంది?"

అయిపోయాను. మొత్తం చెప్పుకున్నాను, ఆవాలతో సహా.

"అంటే గా నెట్ దొంగవు నువ్వేనా? నేను నెల సంది కిటికీ కాడ కూసునేటాయన మీద డౌట్ వడుతున్న గదయ్యా!" అన్నాడు చెంప పట్టుకుని. "నీ అంతట నువ్వే చెప్పినవు కాబట్టి నౌకరీ ఉంచుతున్న. ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు. ఇయ్యాలకు ఇంటికి పో, దిమాగ్ ఠండా చేస్కో."

కాళ్లీడ్చుకుంటూ తలుపుదాకా వెళ్లాను. "ఆగు" అన్నాడు వెనకనుంచి. "గా అత్తకు మల్ల మాటెప్పుడొస్తది?"

"సాయంత్రం దీపం పెట్టాక సార్."

"నాకు సుత డాక్టర్ గంతే చెప్పిండు" అని దూది మళ్లీ పెట్టుకున్నాడు.

మల్కాజ్‌గిరిలో దిగి ఇంటికి చేరేసరికి రెండున్నర. ఎండ పెళపెళలాడుతోంది. పిన్ని తలుపు తీసి నా మొహం చూసింది. ఏదో అడగబోయి, గభాలున చేత్తో నోరు మూసుకుంది. కిటికీలోంచి ఎండ వంక చూసింది, మళ్లీ నా వంక చూసింది. ఇక ఆగలేక దేవుడి గదిలోకి పరుగెత్తింది. అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. ఆ పట్టపగలు దీపం పెట్టి, ఒక దణ్ణం పడేసి, బయటికొస్తూనే మొదలుపెట్టింది.

"ఏటయిందిరా? మొహం అలా పీక్కుపోయిందేటి? తిన్లేదు కదూ?"

నేను భుజాన ఉన్న సంచి కింద పెట్టాను. "పిన్నీ... నువ్వా?"

"పక్కింటమ్మాయి సీరియల్ గురించి నెట్‌లో ఏదో ఉందని చూపించిందిరా. చూద్దును కదా, నా పోపులపెట్టె! నా సొట్ట నాను పోల్చుకోనా?" అంది. టైలర్ ఇంకా ఇవ్వలేదని నెల రోజులుగా పిన్ని చెబుతూ వచ్చిన జాకెట్టు సంగతి అప్పుడు అర్థమయింది. రోజూ నాలుగింటికి టైలర్ దగ్గరకని వెళ్లేది నెట్ సెంటర్‌కి. మరి దొండకాయ ఎలా తెలిసిందన్నాను. "జన్మలో కడగని బాక్సు ఆ రోజు కడిగి తెచ్చినావు. దానికి మహిమలెందుకురా?"

నాకు ఒళ్లు మండింది. నీ వల్ల ఉద్యోగం ఊడేదని, మొదటే ఎందుకు చెప్పలేదని అరిచాను.

పిన్ని నా సంచిలోంచి బాక్సు తీసి, మూత తెరిచి, నా ముందు పెట్టింది. "చెప్పీసుంటే ఆట ఆపీసుందువు కదరా" అంది నెమ్మదిగా. "ఇంట్లో ఆఁ, ఊఁ తప్ప మాటాడవు. అక్కడైతే అత్తయ్యా అత్తయ్యా అని పేజీలు పేజీలు రాస్తావు."

సిగ్గుతో తల దించుకుని తిన్నాను. అది దొండకాయే.

మూడు నెలల తర్వాత నీలం గీత వచ్చింది. ఆదివారాలు ఇద్దరం కలిసి టైలర్ దగ్గరకి వెళ్లేవాళ్లం. బాబాయికి మాత్రం ఆ జాకెట్టు మీద అనుమానం చచ్చేదాకా తీరలేదు. ఆ సీరియలూ పోయింది, ఆ వెబ్‌సైటూ పోయింది. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు నన్ను చూసి గబుక్కున స్క్రీను మార్చేస్తే, చూడనట్టు వెళ్లిపోతాను. పిన్ని మల్కాజ్‌గిరి నుంచి రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతుంది. మీటింగులో ఉన్నా బయటికొచ్చి, ఏ కూరో, ఎలా ఉందో అంతా చెబుతాను. బాక్సు మాత్రం ఈ రోజుకీ కడగను.