ఉప్పు పూసి ఆగాలి

ఇవాళ తొమ్మిదో తరగతి పిల్లల్ని ఇంగ్లీషులో, ఏదైనా ఒక పని ఎలా చేయాలో వరుసగా సూచనలు రాయమన్నాను. ప్రతి వాక్యం క్రియతో మొదలవ్వాలి, ఎంత, ఎంతసేపు అన్నది కచ్చితంగా ఉండాలి అని బోర్డు మీద రాశాను.

దాదాపు అందరూ టీ పెట్టడం గురించే రాశారు. గొర్రెలు కాసే ఇంటి పిల్ల మల్లీశ్వరి మాత్రం, ఈనిన గొర్రె తన పిల్లను దగ్గరికి రానివ్వకపోతే ఏం చేయాలో రాసింది. తెలుగులో చెప్పాలంటే: పిల్ల ఒంటికి ఉప్పు పూయి. తల్లి ముందు పెట్టు. ఆగు.

‘ఆగు’ పక్కన ఎర్రపెన్నుతో ‘ఎంతసేపు?’ అని రాసి, మల్లీశ్వరిని పిలిచాను.

“ఎంతసేపని రాస్త సార్? ఒక్కోపారి తల్లి ఉప్పుకు జల్దినే నాకి దగ్గరికి తీస్తది, ఒక్కోపారి పొద్దుగూకుతది. మా అవ్వ గట్లనే పక్కన కూసుంటది.”

“అప్పటికీ నాకకపోతే?”

“మళ్ల ఉప్పు పూస్తది సార్.”

నా ప్రశ్నను నేనే కొట్టేసి, పూర్తి మార్కులు వేశాను. కల్వకుర్తి దగ్గరి ఈ బడిలో పదకొండేళ్లుగా చదువు, రాయి, కూర్చో అని చెబుతూనే ఉన్నాను. ఆగు అని నాకు నేను చెప్పుకున్నది లేదు.

ఆఖరి పీరియడులో, ఎప్పుడూ నోరు విప్పని శ్రావణిని పాఠం చదవమన్నాను. ఈసారి పక్కపిల్లను లేపకుండా ఆగాను. ఒక లైను చదివింది.

ఎంతసేపు ఆగానని మాత్రం మీరెవరూ అడగొద్దు.