ఎలుగుబంటి వంతు

మా వీధిలో సీతాఫలాలు అమ్మే అవ్వ ఏటా కొండలో కోసిన మొదటి పండు అమ్మేది కాదు, తినేది కాదు. పైనున్న చదునుబండ మీద ఎలుగుబంటికి పెట్టి వచ్చేది. "దాని కొండలో మనం కోసుకుంటాండాము గదా పాపా" అనేది.

పోయిన ఏడు ఆ అడవికి కంచె వేసి, చూడవచ్చేవాళ్ళకు టికెట్ పెట్టారు. కాయలు కోసేవాళ్ళను రానివ్వలేదు. మా కాలేజీవాళ్ళం కొండ చూడబోతున్నామని తెలిసి అవ్వ గేటు దాకా నా వెంట వచ్చింది.

"నువ్వు రాగూడదవ్వా" అన్నాడు కాపలాదారు.

"ఏమప్పా, నేను పుట్టినప్పుడు నీ గేటు యాడుండె?"

అతను నవ్వాడు గాని దారి ఇవ్వలేదు. అవ్వ కంచె బయటి చెట్టున కోసిన పండు నా చేతిలో పెట్టింది. "బండ మీద పెట్టిరా పాపా. ఈ యేటిది ఇంగా ఇయ్యలేదు."

పైన ఆ బండకు సిమెంటు పూసి, ఫోటోలు దిగేవాళ్ళ కోసం ఇనుప కమ్ములు కట్టారు. చుట్టూ ఉన్న సీతాఫలం చెట్లు కొట్టేశారు. కిందికి వచ్చి పండు తిరిగి అవ్వ చేతిలో పెట్టాను.

అవ్వ దాన్ని రెండుగా విడదీసి సగం నాకిచ్చింది.

"తిను. అదింగ రాదు."

మిగతా సగం తను తిని, గింజలు ఒక్కొక్కటే గేటు లోపలికి ఉమ్మింది.