కొంగ మీద నక్క

నా చిన్నప్పుడు బడిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ‘నత్తిపిల్ల’ అనే పిలిచేవారు. బెజవాడ పటమటలో నేతపని చేసుకునే ఇల్లు మాది. మగ్గాల చప్పుడులో నేను మాట్లాడినా మానినా ఎవరికీ పట్టేది కాదు. బళ్లో అలా కాదు. ఒక ఏడాది వార్షికోత్సవానికి టీచరమ్మగారు అందరికీ వేషాలు పంచి, నన్ను మాత్రం కుర్చీలు సర్దమన్నారు. ఆవిడది చెడ్డ మనసు కాదు, నా నోటి మీద నమ్మకం లేదంతే. ఒక్కసారైనా ఆ పిల్లలంతా నావైపు చూడాలని, చూసి వెక్కిరించకూడదని నాకు మహా పట్టుదలగా ఉండేది.

ఏడుస్తూ మా తాతయ్యకు చెప్పాను. ఆయన మగ్గం మీద నుంచే విని, “నోరు మొరాయిస్తే ఏమైందే, చేతులున్నయ్యిగా!” అన్నాడు. గోడమీద ఎండ పడితే చాలు, వేళ్లు మడిచి ఆ నీడలో జంతువులను ఆడించడం ఆయనకు సరదా. నాకు రెండు నేర్పాడు, నక్కనీ కొంగనీ. కొంగ వీపెక్కి కాలవ దాటి పెళ్లి భోజనానికి వెళ్లిన నక్క కథ మా వీధిలో ముసలమ్మలందరూ చెప్పేదే.

వార్షికోత్సవంలో ఆ కథనే నీడలతో ఆడిద్దామన్నాడు. మాటల బదులు పాట ఉండాలని పక్కింటి అక్క తన గ్రామఫోన్ ఇస్తానంది. యుద్ధంలో పనిచేసి వచ్చిన వాళ్లాయన తెచ్చిన ఇంగ్లీషు రికార్డు ఒకటి ఉండేది. అందులో బూర ఒకటి తిక్కతిక్కగా, ఇష్టమొచ్చినట్టు పరుగెత్తేది. దాన్ని జాజ్ అంటారని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. మా నక్కకు మాత్రం అతికినట్టు సరిపోయింది. టీచరమ్మగారు మా ఇంటికొచ్చి చూసి సరేనన్నారు.

వార్షికోత్సవం నాటి మధ్యాహ్నం బడి కిటికీలకు గోనెపట్టాలు కట్టి, తాతయ్య నేసిన తెల్లపంచె అడ్డంగా తెరలా వేలాడదీశాం. వెనక పెట్రోమాక్స్ లైటు, దాని పక్కన తాతయ్య, గ్రామఫోన్ దగ్గర అక్క. కథ బాగానే నడిచింది. కాలవ నడిమధ్యకు వచ్చేసరికి బూర నీరసించి, మూలగడం మొదలుపెట్టింది. ఆట చూడటంలో పడి అక్క కీ ఇవ్వడం మరిచిపోయింది! పిల్లలు గొల్లుమన్నారు. నేను రెండు చేతులూ వెనక్కి లాగేసుకున్నాను. తెర ఖాళీ.

తాతయ్య నావైపు చూడనైనా చూడలేదు. తన చెయ్యి వెలుగులోకి చాపాడు. నక్క తిరిగొచ్చి, ఆ మూలుగుతో పాటే ఇంత నోరు తెరిచి ఆవలించి, తల వాల్చేసింది. నవ్వు మళ్లీ వచ్చింది గాని ఈసారి నక్కను చూసి.

“పోగు తెగిందంతే. అతుకు,” అన్నాడు నా చెవిలో, చెయ్యి తీసేస్తూ.

తెగిన పోగు అతక్కుండా మగ్గం దిగకూడదని మా ఇళ్లల్లో కట్టడి. అన్నానికి పిలిచినా సరే, ముడి వేశాకే లేవాలి. నా చేతులు మళ్లీ వెలుగులోకి వెళ్లాయి. అక్క కీ తిప్పింది. బూర ఉలిక్కిపడి లేచింది, నక్క కూడా లేచింది. పిల్లలు దరువుకు చప్పట్లు కొడుతుంటే కొంగ అవతలి గట్టున వాలింది.

టీచరమ్మగారు సంతోషం పట్టలేక నన్ను ముందుకు లాక్కొచ్చి, కథ పేరు చెప్పమన్నారు. ‘కొ’ దగ్గర నోరు ఆగిపోయింది. మామూలుగా అయితే ఇంటికి పరుగే. ఆ రోజు కదల్లేదు. మాట మూడుసార్లు తెగింది, మూడుసార్లూ అక్కడే నిలబడ్డాను. “కొంగ మీద నక్క” అన్నాను. ఎవరూ నవ్వలేదు.

నత్తి పోలేదు. దాంతోనే ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. మాట తెగిన చోటల్లా ఆగి, అతుక్కుని, అనాలనుకున్నది పూర్తిగా అన్నాకే కూర్చున్నాను. వినేవాళ్లు చాలామంది ఓపిగ్గా ఆగారు. ఆగనివాళ్లను నేనే ఆపాను.