బండల కంచె ముందు అవ్వ

1950ల నాటి మాట. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. మాది బేతంచెర్ల దగ్గర పల్లె. మద్రాసులో చదివే మా అన్న సెలవులకు తెచ్చిన డబ్బా కెమెరాతో, ఊరి పశువులు మేసే బీడులో తిరుగుతూ గుట్టనూ, కూలిన బురుజునూ ఫోటోలు తీస్తున్నాను. ఆ బీడు ఊరందరిదీ. మా పెద్దనాయన మాత్రం అందులో సగానికి నాపబండలు నిలువునా పాతించి, కంచె వేసుకున్నాడు. దాన్నీ తీయబోతుంటే పరుగున వచ్చాడు.

"ఆడపిల్లవి, ఈడేం పని నీకు? ఆ డబ్బా ఇట్ల తే!"

నేను కెమెరా ఇవ్వలేదు. "ఊరి బీడులో నువ్వు బండలు పాతొచ్చు గానీ, నేను ఫోటో తీయకూడదా పెద్దనాయనా?" అన్నాను.

కొట్టడానికి చెయ్యెత్తాడు. నేను కెమెరా ఆయన ముఖానికే గురిపెట్టాను. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని అప్పట్లో మావైపు గట్టి నమ్మకం. ఎత్తిన చేత్తోనే తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆయన గబగబా ఇంటిదారి పట్టాడు.

గొర్రెలు కాస్తున్న సుంకమ్మవ్వ ఇదంతా చూసి, వచ్చి కంచె ముందు నిలబడింది.

"నన్ను తీయి మ్మే. శానా బతికినా. రవ్వంత తగ్గితే ఏమైతాది? ఆ బండలు మాత్రం బాగా కనపడల్ల!"

ఏటేటా ఊరి భూముల లెక్కలు చూసే జమాబందికి వచ్చిన తాసిల్దారు చేతిలో ఆ ఫోటో పెట్టింది నేనే. కంచె పీకించారు. పెద్దనాయన మళ్లీ నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె! ఆ బండలు పీకేసిన చోట సుంకమ్మవ్వ ఇంకా చాలా ఏళ్లు గొర్రెలు మేపింది.