కాటమయ్య వీపులో పాము

మా పెద్దబాపు కాటమయ్య కల్లు గీయడంలో చేయి తిరిగినవాడు. అబద్ధాలు ఆడడంలో ఆయన నాలుక అంతకన్నా ఎక్కువ తిరిగింది. మోత్కూర్ పక్కన మా ఊళ్లో, తాటిచెట్టు మీద నుంచే దారిన పోయేవాళ్లను పలకరించి, చెట్టు దిగేలోపు ఇద్దరి మధ్య తగవు పెట్టేవాడు. నరం లేని నాలుక అని అందరూ తిట్టేవాళ్లు. నేను మాత్రం తిట్టలేదు. నిజాలే చెప్పేవాళ్ల దగ్గర కూర్చుంటే నాకు ఆవులింతలు వచ్చేవి.

1959 ఎండాకాలంలో నడుముకు కట్టుకున్న మోకు తెగి ఆయన చెట్టు మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ, నడుము కింద కాళ్లు రెండూ తనవి కానట్టు పడి ఉన్నాయి. మా పెద్దమ్మ భద్రమ్మ బండిలో గడ్డి పరిచి, ఆయనను పడుకోబెట్టి, నల్గొండ దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడి డాక్టరుది కృష్ణా జిల్లా. పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవాడు. పెద్దబాపు అరికాళ్లలో సూదితో గుచ్చి చూశాడు. పెద్దబాపు కదల్లేదు, మెదల్లేదు.

"వెన్నుపాముకు దెబ్బ తగిలిందమ్మా," అన్నాడు డాక్టరు. "వాచింది. వాపు తగ్గితే కాళ్లొస్తాయి. తగ్గకపోతే నేనేం చెప్పలేను."

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. మా ఊళ్లో వీపును వీపే అంటారు, అందులో ఏ పురుగూ ఉండదు. డాక్టరు నవ్వకుండా విడమరిచి చెప్పాడు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. అది పాము కాదట. వెన్నుపూసల లోపల చిటికెనవేలంత లావున దిగే నరాల కట్టట. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు నరాల వెంట దానిలోకి వచ్చి మెదడుకు ఎక్కుతుంది. నడువు అనే హుకుం మెదడు నుంచి దాని గుండానే కాళ్లకు దిగుతుంది. ఇంకో మాట కూడా చెప్పాడు. వేడి కుండ తగిలితే నొప్పి తెలియకముందే చేయి వెనక్కి వస్తుంది కదా, మెదడును అడగకుండా ఆ పని వెన్నుపామే చేసేస్తుందట. కాబట్టి కొన్నాళ్లకు గుచ్చితే కాలు ఎగిరినా సంబరపడొద్దు. గుచ్చినట్టు తెలిసిందని మనిషి నోటితో చెప్పాలి. అప్పుడే కబురు తల దాకా పోయినట్టు.

పెద్దమ్మకు అంతా అర్థమైంది, అది పాము కాదన్న ముక్క తప్ప.

ఇల్లు చేరిన మర్నాడే ఆమె చెంబుతో పాలు, ఒక గుడ్డు పట్టుకుని పుట్టకు బయలుదేరింది. పెద్దబాపు మంచంలో నుంచే ఆపాడు.

"పుట్టల పాము వేరు, నా వీపుల పాము వేరు," అన్నాడు. "దీనికి నోరు లేదు. నా నోటితోనే తాగుతది."

అప్పటి నుంచి పొద్దున చెంబెడు పాలు, మాపటికి గుడ్డు. పాముకు శుక్రవారం బెల్లం కూడా కావాలని తర్వాత తేలింది.

పెద్దమ్మ మాత్రం డాక్టరు మాట మరవలేదు. రోజూ తుమ్మముల్లుతో అరికాలు గుచ్చి, ఎరుకైతాందా అని అడిగేది. ఆయన లేదనేవాడు. నెల దాటాక ముల్లు తగలగానే కాలు ఎగరడం మొదలైంది. చూడవచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు, ఆయన నోటి వైపే చూసింది. ఆయన మళ్లీ లేదన్నాడు. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

ఇంకో పదిహేను రోజులకు, ఒక మధ్యాహ్నం ఆమె నీళ్లబిందెతో గడప దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పెద్దబాపు ఎడమ పాదం మీద ఈగ వాలింది. ఆయన కుడి మడమతో దానిని తోలి, అక్కడ కాసేపు తీరిగ్గా గోక్కున్నాడు.

ఆమె చూడనట్టే బిందె లోపల దించింది. మర్నాడు ముల్లు కొంచెం గట్టిగానే దింపింది. కాలు ఎగిరింది. పెదవులు బిగుసుకున్నాయి. రెండు కళ్ల నిండా నీళ్లు.

"ఎరుకైతాందా?"

"లేదు."

ఆమె ముల్లు పారేసి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఎన్నాళ్ల నుంచి అని మెల్లగా అడిగింది. ఆయన దూలం వైపు చూపు తిప్పాడు.

"పదిరోజులైతాంది, భద్రమ్మా," అన్నాడు. "కాళ్లొచ్చినయంటె మల్ల చెట్టెక్కుమంటరు. నాకు భయమైతాంది. కండ్లు మూస్తె కింద నేలనే కనవడ్తాంది."

కల్పించకుండా, పెంచకుండా ఆయన చెప్పిన మాట మా ఇంట్లో ఎవరికైనా తెలిసినంతవరకు అదొక్కటే. పెద్దమ్మకు కోపం రాలేదు. పదిరోజులు అంత నొప్పి నోరు మూసుకుని ఎట్లా ఓర్చుకున్నాడా అని ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

"నువ్వు పడ్డనాడు నీకంటె ఎక్కువ నేనే బెదిరిన," అంది. "చెట్టు వద్దు, ఏమొద్దు. ఇగ లే."

ఆమె భుజం పట్టుకుని లేచాడు. తర్వాత ఇరవై ఏళ్లు కల్లు మండువలో కుండల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకు కల్లూ అబద్ధాలూ పోశాడు. చెట్టు మాత్రం ఎక్కలేదు. ఎందుకు ఎక్కడం లేదని ఎవరైనా అడిగితే, భద్రమ్మ ఎక్కనిస్తలేదు, ఉత్త పిరికిది అని చెప్పేవాడు. పెద్దమ్మ పక్కనే ముంతలు కడుగుతూ వినేది. బతికినన్నాళ్లూ ఒక్కసారి కూడా కాదనలేదు.